రెండంతస్తుల మధ్య

ఇజోల్దా కుతైసీ వెళ్లింది, చెల్లెలి కంటి ఆపరేషన్‌కి.
పదకొండు రోజులు.
తాళంచెవి నా చేతిలో, కాగితం ఫ్రిజ్ మీద:
"గివీ, దాన్ని పిలవకు. వెతకకు.
కళ్లలోకి చూడకు. చూడక తప్పకపోతే
నిద్రొచ్చినవాడిలా రెప్పలు వాల్చు.
ముఖ్యంగా, పాట పాడకు."

తొమ్మిదో అంతస్తు. లిఫ్టుకి ఇరవై తెత్రీల బిళ్ల.
ముప్పై ఒక్క ఏళ్లు దీనికి గ్రీజు పూసిన చేతులు నావి,
అయినా బిళ్ల వెయ్యందే కదలదు.
మొహమాటం లేని యంత్రం.

మొదటి రోజు పిల్లి లేదు.
గిన్నె ఉంది, నీళ్లున్నాయి, ఇసుక పెట్టె ఉంది,
సోఫా మీద బూడిదరంగు వెంట్రుకలున్నాయి.
పిల్లి మాత్రం
వదంతి.

రెండో రోజు వంగి చూశాను, మోకాళ్లు తిట్టాయి.
బీరువా కింద, గోడవార,
రెండు ఆకుపచ్చ దీపాలు.
చెయ్యి చాపాను. తప్పు నాదే.
మణికట్టు మీద మూడు ఎర్రగీతలు.

రాత్రి అయోడిన్ పూసుకుంటుంటే గుర్తొచ్చింది:
కరెంటు పోయే ఆ పాత చలికాలాల్లో
ఎంతమందిని దింపలేదు నేను,
రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్లని!
కుర్రాళ్లు వచ్చీరాగానే తలుపు సందులో ఇనపకడ్డీ దూర్చేవాళ్లు.
లోపలి మనిషి కెవ్వుమనేది.
నేను ముందు మెట్ల మీద కూచునేవాణ్ణి,
చీకట్లోకి అడిగేవాణ్ణి:
"సంచిలో ఏముందమ్మా? బంగాళాదుంపలా? కిలో ఎంతకిచ్చాడు?"
ధర చెప్పడం మొదలుపెట్టిన మనిషి
ఊపిరి తీసుకోవడం మొదలుపెడుతుంది.
ఆ తర్వాతే పైకెక్కి, బ్రేకు వదులుచేసి,
చక్రాన్ని చేత్తో తిప్పడం
వేలెడు,
వేలెడు.

మూడో రోజు నేల మీద కూచున్నాను,
బీరువాకి వీపు ఆనించి.
నా సంచిలో ఏముందో నేనే చెప్పాను.
క్యాబేజీ. కొత్తిమీర. అక్రోట్లు, పావుకిలోనే, మండిపోతున్నాయి.
పక్కింటి ఒతారీ దగ్గు గురించి కూడా చెప్పాను.
జవాబు లేదు.
జవాబు లేకపోవడంలోనూ రకాలుంటాయి,
ఇది వినే రకం.

నాలుగో రోజు నా మఫ్లర్ అక్కడే మర్చిపోయాను.
మర్చిపోలేదు.
ఐదో రోజుకి దాని మధ్యలో గుండ్రంగా ఒక గుంట,
ముట్టుకుంటే ఇంకా వెచ్చగా.

ఆరో రోజు ఎవరో కింద బిళ్ల వేశారు,
లిఫ్టు కీచుమని మూలిగింది,
బీరువా కింద గోళ్ల చప్పుడు, మళ్లీ గోడవారకి.
తీగ ఎక్కడ రాసుకుంటోందో నాకు తెలుసు.
ఏడో రోజు పొద్దున్నే నూనెడబ్బాతో మెషిన్ గదికి ఎక్కాను.
ఎవరూ అడగలేదు, పైసా ఎవరూ ఇవ్వరు.
పిల్లి కోసం లిఫ్టు బాగుచేశానని
డిపోలో తెలిస్తే నవ్వి చస్తారు.

ఎనిమిదో రోజు ముందు మీసాలు వచ్చాయి.
తర్వాత ముక్కు.
తర్వాత చాలాసేపు ఇంకేమీ రాలేదు.
కిటికీ వైపు చూస్తూ ధరలు చెబుతూనే ఉన్నాను,
ఉల్లిపాయలు కాస్త దిగాయని.
ఇక ఆగలేక తిరిగి చూశాను, రెప్పలు వాల్చాను.
అదీ వాల్చింది.
అరవై తొమ్మిదేళ్లలో
ఇంత తక్కువ మాటలతో ఎవరితోనూ ఒప్పందం కుదరలేదు నాకు.

తొమ్మిదో రోజు నా బూటు వాసన చూసింది.
గ్రీజు, ఇనుము, ముప్పై ఒక్క ఏళ్లు.
ఒకసారి తుమ్మింది.

పదో రోజు
తలతో నా మోకాలిని పొడిచింది,
బిళ్ల వేసినట్టు, గట్టిగా, ఒక్కసారి.
నాలో ఏదో కదిలింది.
పైకి.

పదకొండో రోజు ఇజోల్దా వచ్చింది.
"మా నాత్సారా కనిపించిందా అసలు?"
ఆ గొంతు వినగానే పేరుకి తగ్గ ఆ బూడిదముద్ద
ఆమె కాళ్ల మధ్య దూరిపోయింది.
నా వైపు చూడనైనా లేదు.
సరే. దింపినవాణ్ణి ఎవరు తిరిగి చూస్తారు?
సంచి పట్టుకుని గబగబా ఇంటికి పోతారు,
పోవాలి కూడా.

తాళంచెవి బల్ల మీద పెట్టాను.
"గివీ, మఫ్లర్ మర్చిపోతున్నావు," అంది.
ఉండనీ, ఎండలు ముదురుతున్నాయిగా, అన్నాను.

బయట, గ్ల్దానీ మేడల మీద,
మంచు పడుతోంది.